మెడ నుంచి బొడ్డు దాకా

మా బేతంచెర్లలో ఊరు దాటే ప్రతి మనిషి చేతిలోనూ ఒక బెల్టు ముక్క పెట్టి పంపడం గిడ్డయ్య మామ అలవాటు. నడుముకు పెట్టుకునే తోలు బెల్టు కాదు, కారు ఇంజన్ ముందర తిరిగే ఫ్యాను బెల్టు. తెగిపోయినదాన్ని జానెడు ముక్కలుగా కోసి, వేరేవాళ్లు వక్కపొడి పెట్టుకున్నట్టు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. మీరు పోయేది పెళ్లికా, కోర్టుకా, పన్ను పీకించుకోవడానికా అన్నది ఆయనకు అనవసరం. బయల్దేరే మనిషిని ఎక్కడికని ఎదురు అడిగితే అచ్చిరాదని మా వైపు పట్టింపు. ఆ పట్టింపు ఆయనకు మరీ ఎక్కువ. అందుకని "యాడికి?" అనడు. "ఏ బస్సు?" అంటాడు.

"కర్నూలు బస్సు మామా."

"మంచిదాయె. ఈ ముక్క రొంత షాపుల్లో చూపీప్పా. ఇట్లాంటి బెల్టు ఉండాదేమో కనుక్కో."

"నేను ఆస్పత్రికి పోతాండా మామా. కడుపులో ఒకటే నొప్పి."

"ఆస్పత్రి పక్కనే కదా స్పేరు పార్టుల షాపులుండేది! తిరుగుతాంటే నొప్పి కూడా మర్చిపోతావు."

ఊరివాళ్లేం తక్కువవాళ్లు కాదు. ఆయన ఇంటి ముందు నుంచి పోకుండా రైలు గేటు మీదుగా చుట్టు తిరిగి బస్టాండుకు పోయేవాళ్లు. మా వీధి మాస్టారు ఒకాయన బట్టలన్నీ కూరగాయల సంచిలో కుక్కి, పైన నాలుగు బీరకాయలు పరిచి, సంతకు పోతున్నట్టు నడిచాడు. మామ అరుగు మీద నుంచే, "ఏం సారూ, బీరకాయలు కర్నూలుకు తోలుతాండావా?" అని పలకరించి, బీరకాయల పక్కనే ముక్క కూడా సర్ది పంపాడు.

మా ఊరి కుర్రాడు గోపన్న అయితే బనగానపల్లెకు పెళ్లిచూపులకు పోతూ చిక్కాడు. అక్కడ చెమట తుడుచుకుందామని రుమాలు లాగితే, ముక్క ఎగిరి మైసూరుపాకు పళ్లెంలో పడింది. జెర్రి అనుకుని పిల్ల తల్లి కెవ్వుమంది. పిల్ల తండ్రి మాత్రం దాన్ని వేళ్లతో పట్టుకుని, వెలుతురులోకి తిప్పి, "ఇది ఏ బండిదప్పా?" అన్నాడు. ఆయనకు ట్రాక్టర్లున్నాయి. అంతవరకూ గోడను చూస్తూ కూర్చున్న గోపన్నకు మాట్లాడ్డానికి ఒక విషయం దొరికింది. కాఫీలు రెండోసారి వచ్చేసరికి సంబంధం కుదిరింది. బెల్టు కుదరలేదు. వాడు ఊళ్లో బస్సు దిగగానే మామ అడిగిన మొదటి మాట, "పిల్ల సంగతి ఉండనీ. నీకు కాబోయే మామ ఏమన్నాడు, ఏ సైజంటాడు?"

ఇంతకీ ఆ కారు గురించి చెప్పాలి. దూరం నుంచి చూస్తే అంబాసిడర్. దగ్గరికి పోయేకొద్దీ ఆ నమ్మకం సడలుతుంది. అంబాసిడర్‌ది పై కట్టు ఒక్కటే. ఇంజన్, ఊరూరా టమోటాలు మోసి రిటైరైన ఒక వ్యానుది. గేరుబాక్సు జీపుది. బ్యాటరీకి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ట్రాక్టరుది. ఆ ఆల్టర్నేటర్‌ను ఇంజన్‌కు అంటిపెట్టిన ఇనుప బ్రాకెట్, మామ ఒకప్పుడు నడిపిన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలోని మిషను నుంచి ఊడబెరికింది. సంకీర్ణ ప్రభుత్వమన్నమాట. భాగస్వాముల్లో ఎవరికీ ఎవరి మాటా గిట్టదు. అందరినీ కలిపి తిప్పేది ఆ బెల్టు ఒక్కటే. అది తెగితే ఫ్యాను ఆగుతుంది, నీళ్ల పంపు ఆగుతుంది, బ్యాటరీకి కరెంటు ఆగుతుంది, నడిరోడ్డు మీద బండల లారీల మధ్య ప్రభుత్వం పడిపోతుంది.

షాపుల్లో వచ్చే చిక్కు కూడా ఇదే.

"ఏ బండికి?"

"అంబాసిడర్‌కి."

"ఇదిగో."

"ఇది కాదు. ఇంజన్ వ్యానుది."

"అట్ల చెప్పాల. ఇదిగో."

"ఇదీ కాదు. ఆల్టర్నేటర్ ట్రాక్టరుది."

షాపువాడు బెల్టును తిరిగి కొక్కేనికి తగిలించి, "ముందర మీలో మీరు మాట్లాడుకోని రాండి సామీ" అంటాడు.

ముక్కను బట్టి వెడల్పు తెలుస్తుంది. పొడవో? దానికి మామ దగ్గర కొలత ఉంది.

"మెడలో దండ మాదిరి ఏసుకుంటే బొడ్డు దాకా రావాల. అంతే."

"ఎవరి మెడ మామా? ఎవరి బొడ్డు?"

"ఎవరు పోతే వాళ్లది."

పొడుగాటి గోపన్న తెచ్చిన బెల్టు వదులై జారిపోయేది. పొట్టివాళ్లు తెచ్చింది పుల్లీ చక్రం మీదికి ఎక్కేదే కాదు. మామ మాత్రం ఎవర్నీ ఒక్క మాట అనేవాడు కాదు. "బెల్టు మంచిదే. మనిషే రొంత పొట్టి" అని సర్దిచెప్పేవాడు. టేపుతో కొలిస్తే పోతుంది కదా అని ఒకసారి అన్నాను. ఆయన జాలిగా చూశాడు. "తెగిన బెల్టు సాగిపోయుంటాది. కొత్తది సాగలేదు. సాగినదాంతో సాగనిదాన్ని కొలుస్తావా? ఇదేనా మీరు చదివింది?" టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

సరైన బెల్టు లేకుండా బండి ఎలా నడిచేదంటారా? మామ భార్య అంజనమ్మత్త చీర మీద నడిచేది. ఆమె పుట్టిల్లు కోడుమూరు, మగ్గాల ఇల్లు. దారిలో బెల్టు తెగితే మామ డిక్కీలోంచి ఆమె నూలుచీర తీసి, తాడులా మెలిపెట్టి, పుల్లీలకు చుట్టి ఇంటికి తోలుకొచ్చేవాడు.

"మా నాయన చేత్తో నేసిన చీరరా దేవుడా! ఇంజన్లో ఏసి తిప్పుతాడా మనిషైనోడు?"

"మీ నాయన పనితనం గురించి చెప్తాంటే వినవే! పాణ్యం కాడ్నుంచి ఇంటిదాకా వచ్చినా. ఒక్క పోగు లేచింటే అడుగు."

ఈ కథలోకి నేను రావడానికి కారణం నా చదువు. అంటే, అది పనికిరాకపోవడం. నేను ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ. రాయలసీమలో కరువు కాలాల ధాన్యం ధరల మీద నేను రాసిన సిద్ధాంత గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు ఇద్దరు: నేనూ, టైపు చేసినాయనా. ఆయన కూడా నిద్రపోయిన జాడలు కొన్ని పేజీల్లో ఉన్నాయి. కర్నూలులో ఒక కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా ఉండేవాణ్ణి. గెస్టు అన్నప్పుడే అర్థం చేసుకోవాల్సింది. ఒక జూన్‌లో పొమ్మన్నారు.

ఉద్యోగం పోవడం పెద్ద సంగతేం కాదు, చాలామందికి పోతుంది. "నా ఉద్యోగం పోయింది" అని నోటితో అనడమే పెద్ద సంగతి. నాకు ఆ మాట వచ్చేది కాదు. గొంతు దాకా వచ్చి, అక్కడ గుటక పడి, లోపలికి పోయేది. అమ్మ వీధిలో అందరికీ "సెలవులకు వచ్చినాడు" అని చెప్పింది. వినాయక చవితి పోయింది, దసరా వచ్చింది, నా సెలవులు అయిపోలేదు. పని లేదని చెబితేనే కదా ఎవరైనా పని చూపించేది! సరుకు ఉందని చెప్పకుండా బజారులో కూర్చుంటే అమ్ముడుపోదని ఎకనామిక్స్ చదివినవాడికి తెలియదా? తెలుసు. పరీక్షలో అడిగితే ఉదాహరణలతో సహా రాస్తాను.

పసిగట్టిన ఒకరిద్దరు బంధువులు ఓదార్చడానికి వచ్చారు. "అంతా మన మంచికే" అన్నారు. "కష్టాల్లోనే మనిషి విలువ తెలిసేది" అన్నారు. ఉగ్గాని, బజ్జీలు తిని, ఇంకో వాయి వేయించుకుని పోయారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫోనుకు గులాబీ పువ్వు, దాని కింద ఒక సూక్తి పంపేవారు. మనిషిని పూర్తిగా మంచాన పడేయాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. నేను తలుపు మూసుకుని పడుకోవడం మొదలుపెట్టాను.

ఆ తలుపు ఒక పొద్దున దబదబ మోగింది.

"ఏమల్లుడా, పండుకోనుండావా?"

"చదువుకుంటాండా మామా." కళ్లు మూసుకుని చదవడం కొత్త పద్ధతి.

"ఏ బస్సన్నా పట్టుకునేది ఉండాదా నీకు?"

"లేదు మామా. నేను ఎక్కడికీ పోవడం లేదు."

"అయితే మరీ మంచిదాయె." మామ వచ్చి నా మంచం మీదే కూర్చున్నాడు. "పొయ్యేటోళ్లకు వాళ్ల వాళ్ల పనులుంటాయి. నా బెల్టు మీద మనసు పెట్టరు. నువ్వైతే చదువుకున్నోడివి, శాస్త్రంగా వెతుకుతావు."

శాస్త్రంగా! పోయిన జూన్ నుంచి నన్ను ఎవరూ శాస్త్రంతో కలిపి మాట్లాడలేదు. చెవులు నిక్కబొడుచుకుని లేచి కూర్చున్నాను. ఊరందరిలోకీ నా పాండిత్యాన్ని గుర్తించిన ఏకైక వ్యక్తి గిడ్డయ్య మామ అని ఆ క్షణంలో నిర్ధారణ చేసుకున్నాను. పండితుణ్ణి ఎద్దులా తోలాలంటే ముల్లుగర్ర అక్కర్లేదు.

మొదటి ప్రయాణం కర్నూలుకు. ఆ వారం బండికి బెల్టుతోపాటు ఆల్టర్నేటర్ కూడా పడకేసింది. లోపలి రాగితీగ వైండింగ్ కొత్తగా కట్టించాలి. గుమ్మడికాయంత బరువున్న ఆ ఇనుప ముద్దను అంజనమ్మత్త మెత్తటి తుండుగుడ్డలో చుట్టి ఇచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కసీటు పెద్దమ్మ కాసేపు చూసి ఆగలేకపోయింది.

"తల కింద చెయ్యి పెట్టు నాయనా. బిడ్డ మెడ వాలిపోతాది."

ఇది బిడ్డ కాదని చెబితే, ఏమిటని అడుగుతుంది. చెబితే, దాంతో నీకేం పని అంటుంది. ఆ తర్వాత "నువ్వేం చేస్తాంటావు నాయనా?" అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. దానికంటే చెయ్యి పెట్టడమే మేలనిపించింది. పెట్టాను. దారిలో గుంతలొచ్చినప్పుడు జోకొట్టాను కూడా.

"వాళ్లమ్మ రాలేదా?"

"పుట్టింటికి పోయింది."

పెళ్లి కాకుండానే పెళ్లాన్ని పుట్టింటికి పంపినవాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. దిగేటప్పుడు ఆమె గుడ్డ మీద నుంచే బిడ్డను నిమిరి, "శానా గట్టోడు" అంది.

ఆల్టర్నేటర్‌ను వైండింగ్ షాపులో దింపి బెల్టుల వేటలో పడ్డాను. ఒక షాపులో మూడు బెల్టులు మెడలో వేసుకుని, ఏది బొడ్డుకు అందుతుందో తల వంచి చూసుకుంటుంటే వెనక నుంచి, "సార్! మీరు ఈడ?" అని వినబడింది. హేమావతి. నా దగ్గర చదివిన అమ్మాయి. బండికి ఏదో కొనడానికి వచ్చినట్టుంది. నేను మెడలో దండలతో, ఓడిపోయినా ఊరేగింపు మానని అభ్యర్థిలా నిలబడ్డాను.

"ఫీల్డ్‌వర్క్" అన్నాను.

"బెల్టుల మీదా సార్?"

"అసంఘటిత రంగంలో విడిభాగాల మార్కెట్ మీద."

"ఎంత కష్టపడతారు సార్ మీరు! పేపరు వచ్చినాక నాకు తప్పకుండా పంపండి."

ఆ అమ్మాయి భక్తిగా నమస్కారం పెట్టి పోయింది. షాపువాడి ముఖం మాత్రం మారిపోయింది. "సార్, మా బిల్లులన్నీ సక్రమంగా ఉండాయి. జీఎస్టీ కూడా కట్టేసినాం" అంటూ నా మెడలోని బెల్టులు మర్యాదగా తీసుకుని, షట్టరు సగం దించాడు. ఆ వీధిలో సర్వే చేసేవాడొకడు తిరుగుతున్నాడని నాకంటే ముందు నా వార్త నడిచింది. మధ్యాహ్నానికి వీధి వీధంతా భోజనానికి మూసేశారు. సాయంత్రం ఆల్టర్నేటర్‌ను మాత్రం వైండింగ్ కట్టించి, మళ్లీ ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను.

డోన్, నంద్యాల, బనగానపల్లె తిరిగాను. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు "ఏం చేస్తాంటావు?" అనేవారు. డోన్‌లో రీసెర్చి అన్నాను. నంద్యాలలో సెలవులన్నాను. బనగానపల్లెలో ఒకాయనకు మామిడితోటలు కొనడానికి వచ్చానని చెప్పి, ఆయన వెంటబెట్టుకుని మూడు తోటలు చూపిస్తే, చెట్టు చెట్టుకూ తల ఊపుతూ సాయంత్రం దాకా నడిచాను. అబద్ధాలకు పెట్రోలు ఖర్చు లేకపోయినా కాళ్లు నొప్పులు పుడతాయి.

తెచ్చిన బెల్టల్లా తప్పే. మామ దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "పర్వాలేదులేప్పా, ఇంకో ఊరుండాది" అనేవాడు. నేను పట్టుదల పెంచాను. వెడల్పు, మందం, పళ్లు, ఊరు, షాపు అంటూ ఒక వర్గీకరణ తయారుచేశాను. ఏ యూనివర్సిటీలోనూ లేని శాస్త్రానికి నేనే ఆద్యుణ్ణని లోలోపల గర్వపడ్డాను. ఈ హడావుడిలో అన్నం రెండోసారి అడిగి వడ్డించుకుంటున్నానని అమ్మ గమనించింది. నేను గమనించలేదు. శాస్త్రవేత్తకు అవన్నీ పట్టవు.

"ఇంక కడపే దిక్కు" అన్నాడు మామ చివరికి. "ఆడ హుసేన్ పీరా అని ఉండాడు. ఆయన కాడ లేకుంటే ఆ బెల్టు భూమ్మీదే లేదు."

"మరి ముందే కడపకు పంపొచ్చు కదా?"

"ఏకంగా కడపకు పంపితే ఎట్లప్పా? రొంత చెయ్యి తిరగాల కదా."

కడపలో ఆ షాపు చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. పైకప్పు నుంచి బెల్టులు ఊడల్లా వేలాడుతున్నాయి. వాటి మధ్య తెల్లటోపీ పెట్టుకుని హుసేన్ పీరా కూర్చున్నాడు. నేను ముక్కను ఆయన ముందు పెట్టి, గొంతు సవరించుకుని, ఉపన్యాసం ప్రారంభించాను.

"చూడండి, ఇది మార్పులు చేసిన బండి. దీని సమస్య మూడు రకాలు. ఒకటి..."

ఆయన ముక్క వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"బేతంచెర్లనా?"

"అవును."

"గిడ్డయ్య పంపినాడా?"

"అవును. ఇంజన్ వ్యానుది కానీ..."

"అది ఉండనీ. నీకేం పోయింది?"

"బెల్టు."

"బెల్టు బండికి పోయింది సామీ. నీకేం పోయింది?"

నేను ముక్కను ఇంకొంచెం ఆయన ముందుకు తోశాను. ఆయన తొందరపడలేదు. బల్ల మీదున్న మంచినీళ్ల సీసా నా వైపు జరిపాడు.

"దారిన పొయ్యేటోళ్లు ముక్క చూపిస్తారు, నేను లేదంటే వాళ్ల పని చూసుకుంటారు. ఈ బెల్టు కోసమే ఇంతదూరం వచ్చేటోళ్లకు మాత్రం ఏదో ఒకటి పోయుంటాది. మొన్న ఒకామె వచ్చింది, ఆమె మొగుడు పోయినాడు. చచ్చిపోలేదులే, దుబాయ్ పోయి ఫోను ఎత్తడం లేదు. అంతకుముందు ఒక పిల్లోడు, పోలీసు సెలక్షన్ పోయింది. గిడ్డయ్య వాళ్లందరికీ మొదట దగ్గరూర్లు తిప్పుతాడు, ఆఖర్న నా కాడికి తోలుతాడు. ఈ ముక్క చూడు. దీని మీద నంబరుండేది. నాపరాయికి పెట్టినట్ల పాలిష్ పెట్టి చెరిపేసినాడు."

నేను ముక్కను వేలితో తడిమి చూశాను. అద్దంలా నున్నగా ఉంది. ఇన్ని వారాలు దాని పళ్లు లెక్కపెట్టిన శాస్త్రవేత్తకు దాని వీపు చూడాలని తోచలేదు. నా పాండిత్యం చూసి ఎన్నుకున్నాడనుకున్నాను కదా! దుబాయ్ మొగుడు, సెలక్షన్ పిల్లోడు, ఆ తర్వాత నేను. పాండిత్యం సంగతి ఎవరూ ఎత్తనే లేదు.

"ఉద్యోగం పోయింది" అన్నాను.

అన్నాక, అన్నది నేనేనా అని ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

"అంతేనా?" హుసేన్ పీరా ముఖంలో కొంచెం నిరాశ కూడా కనిపించింది. వెంటనే ఎదుటి పెయింటు షాపు వైపు తిరిగి కేకేశాడు. "ఓ భూపేష్! ఈ సారుకు ఉద్యోగం పోయిందంట!"

రోడ్డుకు అవతలి నుంచి భూపేష్ అరిచాడు. "ఏం ఉద్యోగం?"

"ఏం ఉద్యోగం సామీ?"

"లెక్చరర్..."

"లెక్చరరంట!"

"ఏం సబ్జెక్టంట?"

నెలల తరబడి తలుపు గడియ పెట్టుకుని కాపాడుకున్న రహస్యం కడప వీధిలో అటూ ఇటూ రోడ్డు దాటుతోంది. పంక్చర్లు వేసేవాడు విన్నాడు. చెరుకు రసం అమ్మే ఆమె విన్నది. ఆకాశం ఏమీ ఊడి పడలేదు. ఒకాయన నన్ను "రొంత పక్కకు జరగండి సార్" అని, నేను నిలబడ్డ చోట స్కూటరు పెట్టుకున్నాడు.

భూపేష్ రోడ్డు దాటి వచ్చాడు. "ఎకనామిక్సా సార్? మా పాపకు డిగ్రీలో అదొక్కటే మిగిలిపోయుండాది. మూడు తూర్లు రాసింది. బస్సుకు టైముంటే రొంత చెప్పిపోతారా?"

ఆయన కూతురు శశికళ పుస్తకంతో వచ్చింది. పుస్తకాన్ని తేలును పట్టుకున్నట్టు పట్టుకుంది. నేను పెయింటు డ్రమ్ము మీద కూర్చుని, పుస్తకం మూసి, బెల్టు ముక్క తీశాను.

"చూడమ్మా, బేతంచెర్లలో ఒక బండి ఉంది. దానికి ఒకే ఒక్క రకం బెల్టు పనికొస్తుంది. ఆ బెల్టు ఆ బండికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. అమ్మేది ఒక్కడే, కొనేది ఒక్కడే. అప్పుడు ధర ఎవరు నిర్ణయిస్తారు?"

"నేను!" అన్నాడు హుసేన్ పీరా రోడ్డు అవతలి నుంచి.

ఆ పిల్ల పగలబడి నవ్వింది. నవ్వి, పుస్తకం తెరిచింది. మళ్లీ వారం రమ్మన్నారు. ఇప్పటికీ పోతున్నాను. పెయింటు షాపు మేడ మీద ఇంకొంతమంది పిల్లలు చేరారు. జీతమొచ్చే పని ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను. కాకపోతే ఇప్పుడు, వెతుక్కుంటున్నానని కనిపించిన వాళ్లందరికీ చెప్పి మరీ వెతుక్కుంటున్నాను.

ఆ రోజు బస్సుకు బయల్దేరేటప్పుడు హుసేన్ పీరా ఒక మేకుకున్న బెల్టు తీసి ఇచ్చాడు. అలవాటుగా మెడలో వేసుకోబోయాను.

"ఏంటికి సామీ ఆ దండ? ఇదే బెల్టు. వచ్చినోళ్లందరికీ ఇదే ఇచ్చి పంపినా."

అందరికీ ఇదే ఇచ్చి పంపితే అవన్నీ ఏమైనట్టు? ఊరు చేరగానే నేరుగా మామ ఇంటి పెరట్లోకి పోయాను. అంజనమ్మత్త బట్టలు ఆరేస్తోంది. ఆరేస్తున్నది తీగ మీద కాదు, ఒకదానికొకటి ముడేసిన ఫ్యాను బెల్టుల మీద. నీళ్ల డ్రమ్ము చుట్టూ బెల్టు. నిమ్మచెట్టుకు ఊతకర్రను కట్టింది బెల్టుతో. కోళ్ల గంప మూతకు బెల్టు.

"అత్తా, ఇవన్నీ..."

"తెచ్చినోళ్లు తెచ్చినట్ల ఇస్తాంటారు నాయనా. ఎన్నని దాచేది? ఏదో ఒకదానికి పనికొస్తాయి."

"ఇన్ని బెల్టులుండి, మళ్లా నీ చీర ఎందుకు తిప్పుతాడు?"

"పోయేటప్పుడు ఒకటి తీసి బండిలో ఏసుకోవాలనే గ్యానం ఉండాల కదా ఆ మొగోనికి!"

గిడ్డయ్య మామను మహానుభావుడని నేను రాయను. రాస్తే అంజనమ్మత్త చీరలు ఒప్పుకోవు. ఆ బండి చిల్లు సైలెన్సరు మోతకు తెల్లారకముందే లేచే మా వీధి అసలే ఒప్పుకోదు.

బానెట్ కింద తల దూర్చిన మామ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"హుసేన్ పీరా అంతా చెప్పినాడు మామా."

"ఆయనకు వయసైపోయిందప్పా. ఏమేమో చెప్తాంటాడు."

"నంబరు ఏంటికి చెరిపినావు?"

మామ తల బయటికి తీయలేదు. కాసేపు ఏదో నట్టుతో కుస్తీ పట్టాడు.

"నంబరుంటే ఫోన్లోనే అడిగేస్తారు కదప్పా" అన్నాడు. "గమ్మున నిలబడుకోక ఆ స్పానరు బిన్నా అందియ్యి."

ఆ తర్వాత ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొత్త బెల్టు పుల్లీల మీద పెళ్లికూతురి నడుముకు వడ్డాణంలా కూర్చుంది. సెల్ఫు ఒక్కసారి కొట్టగానే ఇంజన్ అందుకుంది. మామ ముఖంలో సంతోషం కంటే ఇబ్బంది ఎక్కువ కనబడింది. బాగా నడుస్తున్న బండితో ఏం చేయాలో ఆయనకు తెలియదు. నన్నెక్కించుకుని ఊరంతా ఒక చుట్టు చుట్టి, చర్చి వీధిలోకి తిప్పాడు. ఒక ఇంటి ముందు నిలిపాడు.

అది జయపాల్ సారు ఇల్లు. రిటైరైన హెడ్మాస్టరు. ఆ నెలలోనే చర్చి కమిటీ ఎన్నికల్లో సెక్రటరీగా నిలబడి, చిత్తుగా ఓడిపోయాడు. సొంత భార్య విశ్వాసమ్మ కూడా ఎదుటివైపుకే ఓటేసిందని ఊళ్లో పుకారు. ఆమె దాన్ని ఖండించలేదు. ఆ ఆదివారం నుంచి సారు చర్చికీ పోలేదు, బజారుకూ పోలేదు. వసారాలో కుర్చీ వేసుకుని, రోడ్డుకు వీపు పెట్టి, తన గోడ తనే చూసుకుంటున్నాడు.

మామ దిగి బానెట్ ఎత్తాడు. తల లోపల పెట్టి, వీధికంతా వినబడేట్టు అన్నాడు.

"అల్లుడా, ఆల్టర్నేటర్లో గరగర ఏదో వస్తాంది. విన్నావా?"

నేను దిగి చెవి ఒగ్గాను. చర్చి ఆవరణలో పిచ్చుకల గోల తప్ప నాకేమీ వినబడలేదు. మామ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. జయపాల్ సారు వీపు వైపు చూస్తున్నాడు.

"వస్తాంది మామా" అన్నాను. "శానా వస్తాంది."

కుర్చీ కొంచెం కిర్రుమంది. "బెల్టు బిగువెక్కువైతే వస్తాది అట్ల" అన్నాడు జయపాల్ సారు గోడతోనే.

"కొత్త బెల్టు సార్. ఇప్పుడే కడప నుంచి తెచ్చినా" అన్నాను.

"కొత్తదైతే మాత్రం? బిగించేవాళ్లకు తెలివుండొద్దా?" సారు ఇటు తిరిగాడు. లేచాడు. చెప్పులు వెతుక్కుని, మెట్లు దిగి, గేటు తెరుచుకుని వచ్చాడు. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు.

"గిడ్డయ్యా, ఇది బెల్టు కాదప్పా. లోపల బేరింగు పోయింది. స్పష్టంగా తెలుస్తాంది కదా! ఇట్లనే వదిలేస్తే మొత్తం పోతాది. కర్నూలుకు పంపాల్సిందే."

"ఎవర్ని పంపేది సారూ? ఈ అల్లునికి కడపలో పాఠాలంట. తెలివైన మనిషి దొరకాల కదా."

"ఎవరో ఏంటికి? నేను లేనా?" జయపాల్ సారు చేతులు దులుపుకున్నాడు. "విశ్వాసమ్మా! నా సంచీ, కళ్లజోడూ తీస్కరా! కర్నూలు పోయొస్తా!"

విశ్వాసమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. బండిని చూసింది, మామను చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయి సంచీ తెచ్చి ఇచ్చింది.

మామ ఇంజన్ ఆపేసి తాళంచెవి జేబులో వేసుకుని అప్పటికి చాలాసేపయింది.